రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు నాన్నగారూ?

ఢిల్లీ సరోజినీ నగర్‌లో పొద్దున్నే డిస్పెన్సరీ దగ్గర చేరే రిటైరైన పెద్దలకు తమ ఒంటి లెక్కలన్నీ నోటికి వచ్చు. బీపీ ఎంతుందో, పరగడుపున షుగరెంతో, తిన్నాక ఎంతో, పోయిన నెలకూ ఈ నెలకూ తేడా ఎంతో పక్కవాళ్ళకు వినబడేలా చెప్పుకుంటారు. మోకాళ్ళ సంగతి చెబుతారు, మలబద్ధకం సంగతి కూడా చెబుతారు. రాత్రి నాలుగుసార్లు లేచి బాత్‌రూమ్‌కి వెళ్తున్నామన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. డాక్టరు ఎదురుగా కూర్చున్నా నోరు పెగలదు. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఇంకొక్కటి డాక్టర్ సాబ్" అనబోతారు. అప్పటికే లోపలికి వచ్చేసిన తర్వాతి మనిషిని, ముఖ్యంగా అది ఆడమనిషైతే, చూసి ఊరుకుంటారు.

నేను గుంటూరులో నర్సింగ్ చదివి, ఢిల్లీలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం యూరాలజీ వార్డులోనే గడిచింది. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా "ఆ తెలుగు సిస్టర్ ఉంటే పిలవండి" అనేవారు. వాళ్ళలో చాలామందికి హిందీ బాగానే వచ్చు. ఈ ఒక్క విషయం మాత్రం మనవాళ్ళెవరైనా ఉంటే కాస్త తేలిగ్గా చెప్పుకోవచ్చని ఆశ. అన్నేళ్ళు చూసినదాన్ని కాబట్టి గట్టిగానే అంటున్నాను: మగవాళ్ళు తమంతట తాము చెబుతారని ఎదురుచూడటం మానేయాలి. యాభై దాటిన ప్రతి మగమనిషికీ, బీపీ చూసే బల్ల దగ్గరే ఒక కాగితం చేతికిచ్చి అడగాలి. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాను. ముందు, అడక్కపోతే ఏమవుతుందో చెప్పాలి.

విజయనగరం వైపు నుంచి ఒక పెద్దాయన సంక్రాంతి వెళ్ళాక కూతురి దగ్గర ఉండటానికి మా పక్క బ్లాకుకి వచ్చారు. ఢిల్లీ జనవరి చలి ఆయనకు కొత్త. ముక్కు కారుతుంటే అల్లుడు మెడికల్ షాపులో అడిగి జలుబు మాత్రలు తెచ్చిపెట్టాడు. మర్నాడు రాత్రి పదకొండు దాటాక నాకు ఫోను. "అమ్మా, మీ మెట్ల కిందే ఉన్నాను. ఒక్కసారి దిగుతావా? అమ్మాయికి తెలియనివ్వకు." శాలువా కప్పుకుని కిందికి వెళ్తే ఆయన ముందుకు వంగి, రెండు చేతులా పొత్తికడుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచు కురుస్తోంది, ఆయన నుదుటి నిండా చెమట. సాయంత్రం నుంచి ఒక్క చుక్క రాలేదట. "బాబాయి గారూ, ఇదివరకు ఎలా ఉండేది?" అన్నాను. "ఏడాదిగా సన్నంగానే వస్తోందమ్మా. వయసైపోయింది కదా అనుకున్నాను." చెయ్యి వేసి చూస్తే బొడ్డు దాకా గట్టిపడిపోయి ఉంది. ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. గొట్టం వేయగానే సంచిలోకి లీటరు దాటి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అన్నారు. కళ్ళు తెరిచి మొట్టమొదట అడిగిన మాట: "అమ్మాయికి ఏమని చెబుదాం?"

అంత నొప్పిలో కూడా ఆయనను ఎక్కువగా బాధపెట్టింది కూతురికి తెలిసిపోతుందన్న బెంగే.

చలికాలం వస్తే మా వార్డులో ఇలాంటి కేసులు పెరిగేవి. జలుబు మాత్రల్లో సాధారణంగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం కండరాన్ని గట్టిగా పిండుకోనివ్వదు. ఫినైలెఫ్రిన్ మూత్రాశయం మెడ దగ్గర, ప్రోస్టేట్‌లోపల ఉన్న కండరాన్ని బిగిస్తుంది. అప్పటికే దారి ఇరుకైన మనిషికి రెండూ ఒకే మాత్రలో పడితే తలుపు మూసుకుపోయినట్టే. మెడికల్ షాపులో జలుబు మందు అడిగే పెద్దాయన "నాకు మూత్రం సన్నంగా వస్తుంది" అని ఒక్క మాట అనగలిగితే చాలు. నలుగురూ నిలబడ్డ కౌంటరు దగ్గర ఎవరంటారు? అందుకే ఆ మాట ముందే డాక్టరు చీటీ మీద రాసి ఉండాలి.

ప్రోస్టేట్ మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రం బయటికి వెళ్ళే నాళం చుట్టూ ఉండే గ్రంథి. వయసులో ఉన్నవాళ్ళకు 20 గ్రాముల బరువుంటుంది. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. అరవై వచ్చేసరికి సగం మందిలో, ఎనభై దాటాక నూటికి ఎనభై మందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఢిల్లీలో 'గదూద్ పెరిగింది' అంటారు. ఇది కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు కూడా. ఈ మాట వార్డులో ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళు మళ్ళీ అడిగేవారు, నేను మళ్ళీ చెప్పేదాన్ని. ఇంకో సంగతి: స్కానింగ్ కాగితంలో గ్రాములు చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ఎనభై గ్రాములున్నా సుఖంగా పోసుకునేవాళ్ళున్నారు, ముప్పై గ్రాములకే దారి మూసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. ఎంత పెరిగిందన్న దానికన్నా మనిషికి ఎంత ఇబ్బంది ఉంది, మూత్రాశయం ఎంతవరకు ఖాళీ అవుతోంది అన్నవే ముఖ్యం. అడ్డం ఉన్న దారిలోంచి నెట్టీ నెట్టీ మూత్రాశయం గోడ దళసరెక్కుతుంది, కొన్నేళ్ళకు అలిసిపోతుంది. లోపల మిగిలిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి, రాళ్ళు చేరతాయి, ఆ ఒత్తిడి పైకి ఎక్కి కిడ్నీలను తింటుంది. నొప్పి లేకుండానే క్రియాటినిన్ పెరిగి వచ్చినవాళ్ళను చూశాను. కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మా వార్డుకి పంపేవారు.

ఇక ఆ కాగితం. అమెరికాలోని యూరాలజిస్టుల సంఘం 1992లో తయారుచేసిన ప్రశ్నలవి, ఏడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. పోయిన నెల రోజుల్లో, ఒంటికి వెళ్ళొచ్చాక ఇంకా లోపల మిగిలిందనిపించిందా? రెండు గంటలు తిరక్కుండానే మళ్ళీ వెళ్ళాల్సివచ్చిందా? ధార ఆగి ఆగి వచ్చిందా? వస్తే ఆపుకోవడం కష్టమైందా? ధార సన్నబడిందా? మొదలుపెట్టడానికి ముక్కాల్సి వచ్చిందా? రాత్రి పడుకున్నాక పొద్దున లేచేలోపు ఎన్నిసార్లు లేచారు? ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. ఏడు దాకా స్వల్పం, ఎనిమిది నుంచి పందొమ్మిది దాకా మధ్యస్థం, ఇరవై, ఆపైన తీవ్రం. చివర్లో ఇంకొకటి అడుగుతారు: మిగతా జీవితమంతా ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది? ఏడింటి లెక్కా పక్కనబెట్టి ఈ ఎనిమిదో దానికి వచ్చిన జవాబును బట్టే మందు మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకునే డాక్టర్లను చూశాను. అదే సరైన పద్ధతి.

ఈ ప్రశ్నలను తెలుగులో రాసి, జెరాక్స్ తీయించి, ఇక్కడి వినాయక మందిరం దగ్గర కలిసే మనవాళ్ళకు పంచాను. మగవాళ్ళకు కాదు, వాళ్ళ ఇల్లాళ్ళకు ఇచ్చాను. ఒకావిడ మర్నాడే తెచ్చింది. భర్త చేతిరాతలో రాత్రి లేచేది 'ఒకటి' అని ఉంది. ఆవిడ దాన్ని కొట్టేసి పక్కన 'నాలుగు' అని రాసింది. "ఆయన లేచినప్పుడల్లా నాకూ మెలకువే వదినా. ఆయన వెళ్ళొచ్చి పడుకుంటారు, నాకే నిద్ర పట్టదు." ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టడానికి ఆయన ఒక్క మాట కూడా మాట్లాడాల్సిన పని పడలేదు.

అయితే రాత్రి లేవడమంతా ప్రోస్టేట్ పని కాదు. దీన్ని తేల్చడానికి ఇంట్లో కొలత గ్లాసు ఒకటి ఉంటే చాలు. మూడు రోజులపాటు ఎప్పుడు వెళ్ళారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది రాసిపెట్టుకోవాలి. రోజు మొత్తంలో వచ్చేదాంట్లో మూడో వంతుకు మించి రాత్రిపూటే వస్తుంటే, తప్పు అడ్డంలో లేదు, మూత్రం తయారీలో ఉంది. గుండె బలహీనత, కాళ్ళ వాపులు, గురక పెట్టి ఊపిరాగే నిద్రజబ్బు, అదుపులో లేని షుగరు, సాయంత్రం వేసుకున్న నీరు తీసే బీపీ మాత్ర, ఇలాంటి వాటిలో ఏదైనా కావచ్చు. మన రాత్రి భోజనాన్నీ చూడండి. చారన్నం, పలచటి మజ్జిగన్నం, ఆపైన గ్లాసుడు మజ్జిగ, పడుకునేముందు చెంబుడు నీళ్ళు. ఢిల్లీ చలికి తోడు తొమ్మిదింటికి ఇంకో టీ. ఆ నీళ్ళన్నీ పగటికి జరపాలి. అంతేగాని రోజంతా నీళ్ళు మానేయకూడదు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని మరింత చిరాకు పెడుతుంది. మార్కెట్లో పొద్దస్తమానం నిలబడి బట్టలమ్మేవాళ్ళు, బయట పని మీద తిరిగే పెద్దవాళ్ళు మరుగుదొడ్డి దూరమని గొంతు తడుపుకోకుండా గడిపేస్తారు. మగవాళ్ళకేం, ఏ గోడైనా చాలనుకుంటాం. ధార మొదలవడానికి రెండు నిమిషాలు పట్టే అరవై ఏళ్ళ మనిషి, వెనక క్యూ గొణుగుతుంటే మరీ పోసుకోలేడు. మరుగుదొడ్లు ఆడవాళ్ళకు చాలవన్న మాట ఎంత నిజమో, వయసు మళ్ళిన మగవాళ్ళకూ చాలవన్నది అంతే నిజం.

రాత్రిపూట కూర్చుని పోసుకోమని చెబితే చాలామంది చిన్నబుచ్చుకునేవారు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకు కూర్చుంటే మూత్రాశయం ఇంకాస్త బాగా ఖాళీ అవుతుంది, తూలి పడే భయమూ తగ్గుతుంది. 2016లో కేంద్రం ఈ సరోజినీ నగర్ కాలనీని పడగొట్టి కొత్తగా కట్టాలని నిర్ణయించకముందు మేమున్న పాత క్వార్టరులో బాత్‌రూమ్ వెనక వరండా చివర ఉండేది. మన ఊళ్ళలో ఇప్పటికీ ఎన్ని ఇళ్ళకు దొడ్లోకి వెళ్ళాలి! చీకట్లో, నిద్రమత్తులో పడి తుంటి విరిగినవాళ్ళను ఆర్థో వార్డులో అడిగితే, అందులో ఎందరో ఒంటికని లేచినవాళ్ళే ఉంటారు. ఎముక అతికాక కూడా వాళ్ళను ఎందుకు లేచారని ఎవరూ అడగరు.

మందులున్నాయి, బాగా పనిచేస్తాయి. టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే దారిని వదులు చేస్తుంది. లేవగానే కళ్ళు తిరగొచ్చు, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. ఇది వాడుతున్నవాళ్ళు కంటి శుక్లం ఆపరేషన్‌కు వెళ్ళేముందు కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై, కంటిపాప ముడుచుకుపోయే ప్రమాదం ఉంది, ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్తపడతారు. మన పెద్దవాళ్ళలో ఎంతోమంది ఈ రెండింటికీ ఒకే వయసులో వెళ్తారు, అది మూత్రం మందు, ఇది కన్ను, దీనికీ దానికీ ఏం సంబంధమని చెప్పరు. ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ గ్రంథిని కుదిస్తాయి. గుణం తెలియడానికి ఆరు నెలలు పట్టొచ్చు, అందుకని నెలకే మానేయకూడదు. మందులతో కాకపోతే దూర్బీన్‌తో, లేజర్‌తో కడుపు కోయకుండా చేసే ఆపరేషన్లున్నాయి.

కేన్సర్ వేరే కథ. 2020లో ప్రపంచంలో 14 లక్షల మందికి కొత్తగా ప్రోస్టేట్ కేన్సర్ వస్తే, 2040 నాటికి ఏటా 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ 2024లో అంచనా వేసింది. మనుషులు ఎక్కువ కాలం బతకడమే దీనికి పెద్ద కారణం. మొదట్లో దీనికి లక్షణాలే ఉండకపోవచ్చు. అందుకే పీఎస్ఏ రక్తపరీక్ష వచ్చింది. కానీ 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీల్లో దీన్ని కలిపేసి, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఏ మాటా చెప్పకుండా తీసి, నెంబరు మెసేజ్ పంపేసే పద్ధతిని నేను ఒప్పుకోను. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే గొట్టం వేసినా పీఎస్ఏ పెరుగుతుంది. ఫినాస్టరైడ్ వాడేవాళ్ళకు సగానికి పడిపోతుంది, అది లెక్కలోకి తీసుకోకపోతే ఉన్న జబ్బు దాగిపోతుంది. అమెరికా నిపుణుల బృందం 2018లో ఇచ్చిన సలహా నాకు సబబుగా తోస్తుంది: 55 నుంచి 69 ఏళ్ళవారు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకుని చేయించుకోవాలా వద్దా నిర్ణయించుకోవాలి, 70 దాటాక లక్షణాలు లేనివాళ్ళకు వెతికి వెతికి చేయనక్కర్లేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ కేన్సర్ వచ్చి ఉంటే ముప్పు రెండింతలు, వాళ్ళు ముందుగానే మాట్లాడాలి. అలా మాట్లాడాలన్నా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో తెలియాలి కదా. "మా నాన్న మూత్రం ఆగి పోయారు" అనే కొడుకులే ఎక్కువ. అది గ్రంథి పెరగడమో, కేన్సరో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

దాచడం మన దగ్గరే ఉందనుకోకండి. అప్పటి అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ 2023 డిసెంబరులో ప్రోస్టేట్ కేన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నారు. ఇబ్బంది వచ్చి 2024 జనవరి 1న మళ్ళీ ఆస్పత్రిలో చేరితే, కొన్ని రోజులపాటు దేశాధ్యక్షుడికి కూడా తెలియదు. అదే నెల 17న బ్రిటన్ రాజు చార్లెస్ తనకు ప్రోస్టేట్ పెరిగిందని, చికిత్సకు వెళ్తున్నానని రాజభవనం నుంచి బయటికి చెప్పించారు. ఆ దేశపు ప్రభుత్వ వైద్యసేవ వెబ్‌సైటులో ఈ జబ్బు గురించిన పేజీని మామూలుగా రోజుకు 1,400 సార్లు చూసేవారు. ఆ రోజు 16,000 సార్లు దాటింది. ఒక పెద్దమనిషి బయటపడి చెబితే అంతమందికి ధైర్యం వచ్చింది. మన తెలుగునాట సినిమావాళ్ళు, రాజకీయ నాయకులు గుండె ఆపరేషన్ గురించి చెబుతారు, మోకాలి చిప్పల గురించి చెబుతారు. ఈ మాట కూడా ఒకరైనా చెబితే ఎంత మేలు!

నోరు విప్పని చోట మందుల పొడులు అమ్ముడుపోతాయి. సా పాల్మెటో అనే మొక్క గుళికలను అమెరికాలో రెండు పెద్ద పరీక్షల్లో, 2006లో ఒకటి, 2011లో ఒకటి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. తేడా ఏమీ కనిపించలేదు. విటమిన్-ఇ కేన్సర్‌ను ఆపుతుందేమోనని 35 వేల మందికి పైగా మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో, అది వేసుకున్నవాళ్ళకు కేన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చినట్టు 2011లో తేలింది. ఏం చేయదులే అని మింగిన మాత్ర కీడు చేసింది. పల్లేరు కషాయమో, గుమ్మడి గింజలో తినేవాళ్ళతో నేను పోట్లాడను. కాని వాటిని తింటూ ఏడాది ఆగకండి. మూత్రంలో రక్తం కనబడితే, అది ఒక్కసారే కనబడి ఆగిపోయినా సరే, వారం కూడా ఆగకండి. నడక, బరువు తగ్గడం, షుగరును అదుపులో పెట్టుకోవడం ప్రోస్టేట్‌కూ మేలు చేసేవే. వాటికి సీసా అక్కర్లేదు.

ఇక ప్రభుత్వం చేసే పరీక్షల సంగతి. జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద ముప్పై దాటినవాళ్ళకు ఐదింటిని చూస్తారు: బీపీ, షుగరు, నోటి కేన్సర్, రొమ్ము కేన్సర్, గర్భాశయ ముఖద్వార కేన్సర్. మంచి పని. రొమ్ము గురించి, గర్భాశయం గురించి మాట్లాడటానికి మన ఆడవాళ్ళు ఎంత సిగ్గుపడేవారో నాకు తెలుసు. ఆశా కార్యకర్తలు గడపగడపకూ తిరిగి ఆ సిగ్గును కొంత వదిలించారు. మగవాళ్ళ మూత్రం ఇబ్బంది ఆ ఐదింట్లో లేదు. చేర్చడానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు. ఢిల్లీ డిస్పెన్సరీల్లోనూ, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లోనూ, ఆంధ్రాలో ఊరి క్లినిక్కుల్లోనూ ఏడు ప్రశ్నల కాగితం ఇస్తే ఐదు నిమిషాల పని. మార్కులు ఎనిమిది, ఆపైన వచ్చినవాళ్ళను మాత్రం డాక్టరు దగ్గరికి పంపితే చాలు.

చదువురానివాళ్ళ సంగతేమిటంటారా? దక్షిణాఫ్రికా డాక్టర్లు 2011లో ఈ ప్రశ్నల్లో కొన్నింటిని బొమ్మలుగా మార్చి చూపించారు. ధార గురించిన బొమ్మల వరస, ధార దూరంగా పడుతున్న మనిషి బొమ్మతో మొదలై, పాదాల దగ్గర చుక్కలుగా రాలుతున్న మనిషి బొమ్మతో ముగుస్తుంది. తనది ఏ బొమ్మో వేలుపెట్టి చూపిస్తే చాలు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగే ఆశా, ఏఎన్ఎంలు ఆడవాళ్ళు కాబట్టి మగవాళ్ళు వాళ్ళకు నోటితో చెప్పరు, వేలితో చూపించగలరు. ఆ బొమ్మలను గదిలో బల్ల మీద పెట్టి ఊరుకోకూడదు. మన ఆర్టీసీ బస్టాండుల్లో, సరోజినీ నగర్ లాంటి మార్కెట్లలో మగవాళ్ళ మూత్రశాలల గోడలకు మూలశంక, పౌరుషశక్తి మందుల ప్రకటనలు అతికించి ఉంటాయి. నిలబడి ధార కోసం ఎదురుచూసే మనిషి కళ్ళకు ఎదురుగా ఉండేది ఆ గోడే. ప్రకటనలు పీకేసి అక్కడ ఈ బొమ్మలు అతికించాలి. వాటి కింద, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో, ఎన్ని గంటలకో పెద్ద అక్షరాలతో రాయాలి.